ప్రోనోటు వెనక్కి తిప్పి చూశావా? లా మొదటి ఏడాదిలో తడబడుతున్న చెల్లికి

చెల్లీ, నీ ప్రశ్న నిదానంగా రెండుసార్లు చదివాను. ఉదయగిరి పక్క పల్లె నుంచి వచ్చావు. తెలుగు మీడియంలో బీకాం చేసి, లాసెట్ రాసి, నెల్లూరులో మూడేళ్ల ఎల్.ఎల్.బి.లో చేరావు. మొదటి సెమిస్టర్‌లో కాంట్రాక్ట్, రాజ్యాంగం రెండూ పోయాయి. గైడు బట్టీ పడితే గట్టెక్కుతానా, ఈ ఇంగ్లీషుతో ఎలా వేగాలి, కోర్టుకు ఇప్పటి నుంచే వెళ్తే ఏమైనా లాభమా, ఇంట్లో లాయరన్నవాళ్లే లేని ఆడపిల్ల ఈ వృత్తిలో నిలబడగలదా అని అడిగావు. అడిగిన తీరులోనే నీ టెన్షన్ కనపడుతోంది.

నేను నెల్లూరు కోర్టులో పద్దెనిమిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మాది కందుకూరు దగ్గర పల్లె. నేను చదువుకునే రోజుల్లో అది ప్రకాశం జిల్లా, 2022లో నెల్లూరు జిల్లాలో కలిపారు. నాన్న పొగాకు రైతు. నాదీ తెలుగు మీడియమే. నేనూ మొదటిసారి కాంట్రాక్ట్ పేపరు తప్పాను. అందుకే ఈ జవాబు కాస్త పెద్దదైనా ఓపిగ్గా రాస్తున్నాను.

ముందు గైడు సంగతి. గైడు కొనడం తప్పేమీ కాదు, పరీక్షకు రెండు రోజుల ముందు తిరగేసుకోవడానికి పనికొస్తుంది. చదువే దానితో మొదలుపెడితే మాత్రం నాకు జరిగిందే నీకూ జరుగుతుంది. నా గైడులో మైనర్ల గురించి ఒకటే లైను ఉండేది: మైనరుతో చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు, మొహరీ బీబీ కేసు, 1903. దాన్ని నోటికి పట్టాను. పరీక్షలో వచ్చిన ప్రశ్న వేరు. పదిహేడేళ్ల కుర్రాడు తనకు ఇరవై నిండాయని నమ్మించి, ఇల్లు తనఖా పెట్టి అప్పు తీసుకున్నాడు. అబద్ధం ఆడి సొమ్ము తీసుకున్నవాడు ఇప్పుడు మైనరునంటూ ఎలా తప్పించుకుంటాడని అప్పిచ్చినాయన కోర్టుకెక్కాడు. తేల్చండి, అని. నేను ఆ ఒక్క లైనూ రాసి, మిగతా మూడు పేజీలూ ఒప్పందం నిర్వచనంతో నింపాను.

ఆ కేసు తీర్పు చాలా రోజుల తర్వాత చదివాను. అక్కడ అప్పు తీసుకున్న ధర్మదాస్ ఘోష్ మైనరన్న సంగతి, అప్పిచ్చినాయన తరఫున వ్యవహారం నడిపిన మనిషికి ముందే తెలుసు. నిజం తెలిసి కూడా అప్పిచ్చినవాడు తర్వాత 'నన్ను నమ్మించాడు' అనడానికి వీల్లేదని, ఆ రోజుల్లో మనకు అన్నిటికన్నా పై కోర్టైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ అంది. మరి నిజంగానే తెలియక ఇచ్చినవాడి గతేమిటి? పరీక్షలో అడిగింది అదే. తెలియక ఇచ్చినా సరే, ఒప్పందాన్ని మైనరు మీద అమలు చేయించలేరు. కాకపోతే ఆ సొమ్ము వల్ల మైనరుకు ఒరిగిన లాభం ఎంతవరకు ఉందో అంతవరకు తిరిగి ఇమ్మనే అధికారం 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 33వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. గైడులో ఆ లైను తప్పు కాదు. ఆ లైను ఎవరి మధ్య, ఏం జరిగితే పుట్టిందో అందులో లేదు. పేరూ ఏడాదీ గుర్తుండి, జరిగిన సంగతి తెలియకపోతే కొత్త సమస్య ముందు పెట్టగానే చేతులెత్తేస్తాం.

ఇక నాకు కళ్లు తెరిపించిన రోజు గురించి చెబుతాను. సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరి నాలుగు నెలలైంది. ఓ సాయంత్రం ఆయన ఆఫీసుకు కలిగిరి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. ప్లాస్టిక్ కవరులో మడతలు పడ్డ ప్రోనోటు. సీనియర్ గారు దాన్ని నా చేతికిచ్చి, చూసి చెప్పమన్నారు. తేదీ చూశాను. మూడేళ్లు దాటి ఇరవై రోజులైంది. 'కాలదోషం పట్టింది సార్, దావా వేయలేం' అన్నాను. దావాలు వేయడానికి గడువులు చెప్పే లిమిటేషన్ చట్టంలో ప్రోనోటుకు మూడేళ్లని నాకు బాగా గుర్తు. పెద్దాయన మొహం వాడిపోయింది. సీనియర్ గారు ఏమీ అనకుండా నోటు తీసుకుని వెనక్కి తిప్పారు. అక్కడ నీలం సిరాతో రెండు లైన్లు: ఈ నోటు బాపతు రూ. 3,000 ఈ దినం చెల్లు, అని. కింద అప్పు తీసుకున్నవాడి సంతకం, తేదీ. ఆ తేదీ మూడేళ్ల గడువు లోపలే ఉంది. 'పందొమ్మిదో సెక్షన్ చదువమ్మా' అన్నారు. గడువు లోపల కొంత సొమ్ము చెల్లించి, ఆ చెల్లింపు చెల్లించినవాడి చేతిరాతతో గానీ సంతకంతో గానీ కాగితం మీదకెక్కితే, ఆ రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు లెక్క. ఆ పెద్దాయనకు దావా వేసే హక్కు ఇంకా రెండేళ్ల పైన మిగిలే ఉంది. నేను మాత్రం నోటు ముందు వైపు చూసి ఆయన్ని తిరిగి పంపించబోయాను.

సెక్షన్ నాకు తెలియక కాదు. పరీక్షలో దాని మీద ఎనిమిది మార్కుల జవాబు కూడా రాశాను. ఆ సెక్షన్ మన ఊళ్లో 'చెల్లు' అనే రెండక్షరాల రూపంలో ఉంటుందని మాత్రం తెలియలేదు.

నా సలహా అంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. చట్టం చదవడమంటే ఇంగ్లీషు పుస్తకాన్ని తలలోకి ఎక్కించుకోవడం అనుకుంటున్నావు. నువ్వు చదివే చట్టాల్లో సగం ఇప్పటికే మీ ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఈసారి ఊరెళ్లినప్పుడు మీ నాన్నగారిని అడిగి ఒక పాత ప్రోనోటు జిరాక్సు తెచ్చుకో. అసలు కాగితం మీద ఒక్క గీత కూడా గీయకు. పక్కన ప్రోనోట్లు, చెక్కుల గురించిన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881 బేర్ యాక్ట్ (వ్యాఖ్యానాలు లేకుండా చట్టం మాత్రమే ఉన్న పుస్తకం) తెరిచి నాలుగో సెక్షన్ పెట్టుకో.

నోటులో ఇలా ఉంటుంది: 'ఈ దినం నా అవసర నిమిత్తం మీ వద్ద రొక్కంగా తీసుకున్న రూ. 50,000లకు నెలకు నూటికి రూ. 2 చొప్పున వడ్డీ చేర్చి, మీరు కోరినప్పుడు మీకు గానీ మీ అనుమతి పొందినవారికి గానీ చెల్లించగలవాడను.' ఇప్పుడు సెక్షన్ చూడు. రాతలో ఉండాలి, ఉంది. రాసిచ్చినవాడు సంతకం పెట్టాలి, స్టాంపు మీద ఉంది. ఇంత అని తేలిన సొమ్ము ఉండాలి, ఉంది. షరతు ఉండకూడదు, పంట బాగా పండితే ఇస్తాననలేదు, కోరినప్పుడు ఇస్తానన్నాడు. ఫలానా మనిషికి గానీ అతను చెప్పినవారికి గానీ అని సెక్షన్ అంటుంది. మన నోట్లో 'మీకు గానీ మీ అనుమతి పొందినవారికి గానీ' అన్నది అచ్చం అదే. ఊళ్లో దస్తూరి రాసే తాత ఏ కాలేజీకీ వెళ్లలేదు, కానీ ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క వదలకుండా రాశాడు. 

అదే సెక్షన్ కింద ఉదాహరణలు ఉంటాయి. ఐదు వందల రూపాయలతో పాటు నా నల్ల గుర్రాన్ని కూడా ఇస్తానని రాస్తే అది ప్రోనోటు కాదు అంటుంది ఒకటి. మన వైపు 'లక్ష రూపాయలూ పది బస్తాల వడ్లూ ఇస్తాను' అని రాస్తే ఏమవుతుంది? సొమ్ము మాత్రమే ఉండాలి కాబట్టి అదీ ప్రోనోటు కాదు. కాంట్రాక్ట్ చట్టంలోనూ ఇలాంటి ఉదాహరణలు సెక్షన్ సెక్షన్‌కీ ఉంటాయి. పిల్లలు వాటిని దాటేసి వెళ్లిపోతారు. అవి చట్టం రాసినవాళ్లే ఇచ్చిన మాదిరి ప్రశ్నలు, జవాబులు. ఒక్కో ఉదాహరణలో మనుషుల్నీ వస్తువుల్నీ మార్చి మీ ఊరి కథ చేసి రాయి. సమస్యల ప్రశ్నకు అంతకన్నా మంచి తయారీ నాకు తెలియదు.

ఆ నోటు ఇంకా అయిపోలేదు. దాని మీద స్టాంపు ఎందుకు? స్టాంపు చట్టం 35వ సెక్షన్ చూడు. స్టాంపు తక్కువైన చాలా దస్తావేజులకు జరిమానా కట్టి సాక్ష్యంలోకి తెచ్చుకోవచ్చు, ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు. స్టాంపు లేకపోతే ఆ నోటు సాక్ష్యంగా పనికిరానట్టే. మూడేళ్లు దాటిపోయి, వెనక చెల్లు కూడా లేకపోతే? అప్పుడు నువ్వు తప్పిన కాంట్రాక్ట్ పేపర్లోకే రావాలి. 25వ సెక్షన్, మూడో క్లాజు. కాలదోషం పట్టిన అప్పునైనా తీరుస్తానని రాతపూర్వకంగా, సంతకంతో మాటిస్తే అది చెల్లే కొత్త ఒప్పందం. మామూలుగా ప్రతిఫలం లేని ఒప్పందం చెల్లదు కదా, దానికి ఇది మినహాయింపు. ఊళ్లో 'పాత నోటు తిరగరాయించుకోండి' అంటారే, ఆ మాట వెనక ఉన్నవి ఈ సెక్షన్లే. ఒక్క కాగితంలో నాలుగు చట్టాలు చదివావు చూడు. ఈ చదువు మర్చిపోమన్నా మర్చిపోలేవు.

తేదీల గురించి ఒక్క మాట. కోవిడ్ కాలంలో 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న రోజుల్ని లిమిటేషన్ లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని పాత నోటు చేతికొస్తే వేళ్ల మీద మూడేళ్లు లెక్కపెట్టి తేల్చేయకు.

ఫ్యామిలీ లా కూడా ఇలాగే. మీ నాయనమ్మ, మేనత్తల పంపకాల సంగతి అడుగు. ఇంట్లో తగువు పెట్టమని కాదు, తేదీలు అడగమని. మన రాష్ట్రంలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. అయితే ఆ తేదీకి ముందే పెళ్లైన కూతురికి రాలేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 2005 సెప్టెంబర్ 9 నుంచి, కేంద్ర సవరణ దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది, పెళ్లి షరతు లేకుండా. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా వద్దా అన్న తగాదాను వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది: బతికి ఉండనక్కర్లేదు. మీ మేనత్త పెళ్లి 1983లో అయిందా 1987లో అయిందా అన్న ఒక్క సంగతితో ఒకప్పుడు వాటా వచ్చేదో పోయేదో నిర్ణయమయ్యేది. నెల్లూరు సివిల్ కోర్టుల్లో పార్టిషన్ దావాలు చూస్తే ఈ తేదీల బరువు తెలుస్తుంది. ఆడపిల్లవి, ఈ సబ్జెక్టు నువ్వు గుండెతో చదువుతావు.

రాజ్యాంగం పేపరు పోయిందన్నావు. కారణం ఊహించగలను: ఆర్టికల్ నంబర్లు కంఠస్థం చేసి ఉంటావు. నేనైతే ఒక వాదనలాగా చదవమంటాను. పదమూడో ఆర్టికల్, 368వ ఆర్టికల్ ఎదురెదురుగా పెట్టుకో. ప్రాథమిక హక్కుల్ని తగ్గించే చట్టం చెల్లదని మొదటిది అంటుంది. రాజ్యాంగాన్నే సవరించే దారి రెండోది చూపిస్తుంది. మరి సవరణ కూడా 'చట్టమే'నా? 1951లో శంకరీ ప్రసాద్ కేసులో కాదన్నారు. 1967లో గోలక్‌నాథ్ కేసులో పదకొండు మందిలో ఆరుగురు అవునన్నారు. 1971లో పార్లమెంటు 24వ సవరణతో దానికి విరుగుడు వేసింది. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో పదమూడు మంది కూర్చుని, ఏడుగురు ఒక వైపు, ఆరుగురు ఒక వైపు నిలబడి, సవరించవచ్చు గానీ మౌలిక స్వరూపం జోలికి పోకూడదన్నారు. ఇద్దరు గట్టి లాయర్లు ఇరవై రెండేళ్లు వాదించుకున్నట్టు ఉంటుంది. ఎవరు ఏమన్నారు, ఎదుటివారు దానికేం జవాబిచ్చారు అని ఒక పేజీలో రాసుకుంటే, ఆ యూనిట్ నుంచి ఏ ప్రశ్న వచ్చినా చెయ్యి ఆగదు.

ఆ రాజ్యాంగం పరాయి ఊరిది కూడా కాదమ్మా. ముసాయిదా కమిటీలో ఏడుగురు ఉంటే, వారిలో ఒకరైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు పుట్టింది మన నెల్లూరు జిల్లా పుదూరులో, 1883లో. తండ్రి గుడి పూజారి. ఇక మన టంగుటూరి ప్రకాశం పంతులు గారు ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టారు. తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పెంచింది. ముందు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు, తర్వాత ఇంగ్లండు వెళ్లి బారిష్టరు. ఆయన పుట్టిందీ, ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం వచ్చిందీ ఒకే ఏడాది, 1872. ఆ ఏడాది ఇక మర్చిపోవు. 'ఇంట్లో లాయర్లు లేరు' అని నువ్వు బాధపడ్డ చోట ఈ ఇద్దరినీ తలుచుకో. వాళ్లిళ్లలోనూ లేరు.

పర్యావరణ చట్టం, టార్ట్స్ (ఒకరి వల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం చెప్పే సబ్జెక్టు) గురించి ఎక్కువ రాయను. ఒక్క కేసు చెబుతాను. ఎస్. జగన్నాథ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా, 1996 డిసెంబర్ 11. తీరం వెంబడి రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. చెరువుల ఉప్పునీరు తాగునీటి బావుల్లోకి, పక్క పొలాల్లోకి ఊరిపోవడం అందులో పెద్ద సమస్య. పులికాట్ సరస్సు చుట్టూ వెయ్యి మీటర్ల లోపల అలాంటి చెరువులు ఉండకూడదని అందులో చెప్పారు. తర్వాత 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. ఇది చదివాక రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ చదువు. 1868లో ఇంగ్లండులో ఒకరి రిజర్వాయరు నీళ్లు పక్కవాడి గనిలోకి పోయిన కథ అది. మన తీరంలో చెరువు గట్టు పక్కనే వరిమడి ఉన్న రైతుకు ఆ కథ వివరించక్కర్లేదు.

ఇప్పుడు ఇంగ్లీషు. నీకు ఒక ధైర్యం చెబుతాను, ఇది ఊరికే అంటున్నది కాదు. సెక్షన్ల ఇంగ్లీషు ఇంగ్లీషు మీడియం పిల్లలకు కూడా కొత్త భాషే. అది మాట్లాడే ఇంగ్లీషు కాదు. దాని కీలు పది పన్నెండు మాటల్లో ఉంది. 'నాట్‌విత్‌స్టాండింగ్' అని మొదలైతే, మిగతా చోట ఏమున్నా సరే నా మాటే చెల్లుతుంది అని ఆ సెక్షన్ అంటోంది. 'సబ్జెక్ట్ టు' అంటే ఫలానా సెక్షన్‌కు నేను లోబడి ఉంటాను అంటోంది. రెండూ ఒకదానికొకటి ఎదురు. 'ప్రొవైడెడ్ దట్' దగ్గర మినహాయింపు మొదలవుతుంది. కేసులు చాలావరకు గెలిచేదీ ఓడేదీ అక్కడే. నిర్వచనంలో 'మీన్స్' ఉంటే గీత గీసేశారు, బయటిది లోపలికి రాదు. 'ఇన్‌క్లూడ్స్' ఉంటే ఇంకా చోటుంది. 'షల్' మామూలుగా తప్పనిసరి, 'మే' మామూలుగా కోర్టు ఇష్టం. 'అండ్' ఉందా 'ఆర్' ఉందా అన్నది వేలు పెట్టి చూడు. నేను చదివేటప్పుడు ఈ మాటల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టేదాన్ని. వాటిని బట్టి పొడుగాటి వాక్యాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క కింద తెలుగులో రాసుకునేదాన్ని. మొదట్లో ఒక సెక్షన్‌కు గంట పట్టేది. మూడు నెలలకు పది నిమిషాలైంది. రోజుకు రెండే సెక్షన్లు, కానీ పైకి చదువు, నోరు తిరగాలి. రేపు కోర్టులో అది నోటితోనే చదవాలి. కష్టమైన తీర్పులకు సుప్రీంకోర్టు వాళ్ల తీర్పుల వెబ్‌సైట్ ఈ-ఎస్.సి.ఆర్.లో తెలుగు అనువాదాలు ఉచితంగా దొరుకుతాయి. ముందు తెలుగు చదివి, తర్వాత అదే తీర్పు ఇంగ్లీషులో చదువు. బేర్ యాక్టులు కూడా ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో ఉచితమే.

పరీక్ష జవాబు రాసే పద్ధతి గురించి చాలామంది పెద్ద పెద్ద మాటలు చెబుతారు. అవసరం లేదు. ఇక్కడ తగువు దేని మీద, చట్టం ఏమంటోంది, ఆ మాట ఈ మనిషికి ఎలా వర్తిస్తుంది, చివరికి ఎవరు గెలుస్తారు. నాలుగు ముక్కలు. మూడోది పెద్దదిగా ఉండాలి. మార్కులు పోయేది అక్కడే, మనం రెండోదే పేజీలకు పేజీలు రాస్తాం కాబట్టి.

క్లాసులకు వెళ్లాలా అన్నావు. వెళ్లు. లాయర్ల వృత్తినీ లా చదువునూ నియంత్రించే బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి. 'ఫీజు కడితే చాలు, ఎవరూ పట్టించుకోరు' అని సీనియర్ విద్యార్థులు చెబుతారు. అలా నమ్మి చివర్లో ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను. అంతకన్నా పెద్ద నష్టం, పక్కన కూర్చుని వాదించుకోవడానికి స్నేహితులు లేకుండా మూడేళ్లు గడిచిపోవడం.

కోర్టుకు వెళ్లడం గురించి అడిగావు. ఇప్పుడే మొదలుపెట్టు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొన్ని రకాల విచారణలు తప్ప కోర్టు హాలు అందరికీ తెరిచే ఉంటుంది, అది చట్టమే చెప్పిన సంగతి. సెలవు దొరికిన రోజు పదిన్నరకల్లా వెళ్లి వెనక బెంచీలో కూర్చో. ఫోను సైలెంటులో పెట్టు. బ్యాండు, గౌను మాత్రం వేసుకోకు, అవి ఎన్‌రోల్ అయినవాళ్లవి, అంటే బార్ కౌన్సిల్‌లో లాయరుగా పేరు నమోదైనవాళ్లవి. మొదటి గంట కాల్ వర్క్. కేసు నంబరు పిలవడం, వకీలు లేచి నిలబడటం, వాయిదా పడటం. అర్థం కాక బోరు కొడుతుంది. లేచి రాకు. పదకొండున్నర, పన్నెండుకు సాక్షి బోనెక్కుతాడు. అప్పుడు విను. తన పక్షం సాక్షిని అడిగేటప్పుడు వకీలు 'ఆ రోజు ఏం జరిగింది?' అంటాడు. ఎదుటి పక్షం వకీలు క్రాస్‌లో 'ఆ రోజు మీరు ఊళ్లోనే లేరు, అవునా?' అంటాడు. జవాబును ప్రశ్నలోనే పెట్టి అడగడం మొదటివాడికి మామూలుగా కుదరదు, రెండోవాడికి కుదురుతుంది. లీడింగ్ క్వశ్చన్ అని సాక్ష్య చట్టంలో నువ్వు చదవబోయేది అదే, భారతీయ సాక్ష్య అధినియం 146వ సెక్షన్. హాల్లో ఒకసారి విన్నాక పుస్తకంలో చూస్తే రెండు నిమిషాల పని.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టు. రోజూ ఒక కేసు నంబరు, ఎవరు ఎవరి మీద, ఆ రోజు ఏం జరిగింది, ఎందుకు వాయిదా పడింది. సాయంత్రం కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూసుకో. ఇది ఊరికే పోదు: చివరి ఏడాది మూట్ కోర్టు (విద్యార్థులు కోర్టులోలా వాదన సాధన చేసే) పేపర్లో ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణ చూసి రికార్డు రాయాలి. దానికి మార్కులున్నాయి. మూడేళ్ల కోర్సుకు మొత్తం పన్నెండు వారాల ఇంటర్న్‌షిప్ కూడా తప్పనిసరి. చాలామంది అది కాగితం మీద చేయించుకుంటారు. నువ్వు అలా చేయకు. ఒక నెల జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగి చూడు. లోక్ అదాలత్‌లో రాజీ ఎలా కుదురుతుందో, ఉచిత న్యాయ సహాయం కోసం వచ్చిన ఆడవాళ్లు ఎన్ని ఆఫీసులు తిరిగి అక్కడికి వచ్చారో దగ్గర నుంచి చూడు.

క్రిమినల్ సబ్జెక్టులు వచ్చినప్పుడు ఒక తికమక ఎదురవుతుంది. 2024 జూలై 1 నుంచి ఇండియన్ పీనల్ కోడ్ (ఐ.పి.సి.) స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు శిక్ష 302 కాస్తా 103 అయింది, మోసం 420 కాస్తా 318(4)లోకి వెళ్లింది. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత ఐ.పి.సి.నే వర్తిస్తుంది. కోర్టుల్లో ఆ కేసులు ఇంకా నడుస్తున్నాయి కాబట్టి రెండూ తెలియాలి. ఎడమ పక్క పాతది, కుడి పక్క కొత్తది రాసుకున్న ఒక పట్టిక నీ చేత్తో నువ్వే తయారు చేసుకో. కొన్నదైతే మనసుకు పట్టదు.

డిగ్రీ తర్వాత సంగతి. ఎన్‌రోల్‌మెంట్‌కు వేలకు వేలు కట్టాలని ఎవరైనా భయపెడితే, 2024 జూలై 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించు: చట్టంలో ఉన్న రూ. 750, ఎస్సీ ఎస్టీలకు రూ. 125, దానికి మించి ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వసూలు చేయకూడదు. ఆ తర్వాత ప్రాక్టీసు చేయాలంటే పాసవ్వాల్సిన ఆల్ ఇండియా బార్ పరీక్ష. నోట్స్ లేని బేర్ యాక్టులు హాల్లోకి తీసుకెళ్లనిస్తారు. బేర్ యాక్టులో ఏది ఎక్కడుందో చేతికి అలవాటైనవాళ్లకు అది భయపడే పరీక్ష కాదు, మూడేళ్లూ గైడు తప్ప తెరవనివాళ్లు మాత్రం పేజీలు వెతుక్కుంటూ కూర్చుంటారు. జడ్జి కావాలని ఉందన్నావు, సంతోషం. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి డిగ్రీ అవగానే కోచింగ్‌కు వెళ్లిపోదామన్న లెక్క పెట్టుకోకు. మంచి ట్రయల్ పని నేర్పే సీనియర్‌ను వెతుక్కో.

ఆడపిల్లగా నిలబడగలనా అన్నదానికి సూటిగా చెబుతాను. మొదటి రెండు మూడేళ్లు డబ్బు చాలా తక్కువ. బస్సు ఖర్చులకు ఇంట్లో అడగాల్సి రావచ్చు, ముందే నాన్నగారితో మాట్లాడి పెట్టు. సీనియర్‌ను ఎంచుకునేటప్పుడు పేరు ఒక్కటే చూడకు. ఆయన దగ్గర ఇంతకుముందు పనిచేసిన ఆడపిల్లలతో విడిగా మాట్లాడు. ఆఫీసు సాయంత్రం ఎన్నింటికి మూస్తారు, జూనియర్లకు క్రాస్ చేసే అవకాశం ఇస్తారా, అందరి ముందు కసురుతారా, ఇవన్నీ వాళ్లు చెబుతారు. నేను మొదట చేరిన ఒక ఆఫీసులో ఏడు నెలలు ఫైళ్లు మోయడం, వాయిదాలు తీసుకోవడం తప్ప ఒక్క పిటిషన్ రాయనివ్వలేదు. అక్కడ ఉండిపోయి ఉంటే ఈ వృత్తి మానేసేదాన్ని. బయటికొచ్చి, ప్రోనోటు వెనక్కి తిప్పి చూపించిన ఆ సీనియర్ గారి దగ్గర చేరాను. మారడానికి మొహమాటపడకు.

క్లయింట్ల సంగతికొస్తే, భరణం, గృహహింస, వాటా కేసుల్లో వచ్చే ఆడవాళ్లు వకీలు ఆడమనిషైతే చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. మగ గుమాస్తా ముందు అరగంట తల వంచుకుని కూర్చున్న ఒకావిడ, అతను టీకి బయటికెళ్లిన ఐదు నిమిషాల్లో అసలు కథంతా నాకు చెప్పింది. కేసు దానితోనే నిలబడింది.

సప్లిమెంటరీకి ముందు కాంట్రాక్ట్ పేపరు కోసం నీకొక సమస్య ఇస్తున్నాను. గైడు మూసి, బేర్ యాక్టులు మాత్రం తెరిచి రాయి. 2022 అక్టోబర్ 10న ఒక రైతు లక్ష రూపాయలకు కోరిన వెంటనే చెల్లించే ప్రోనోటు రాసిచ్చాడు. 2025 అక్టోబర్ 5న రూ. 2,000 ఇచ్చి, నోటు వెనక తన చేత్తో చెల్లు రాసి సంతకం పెట్టాడు. 2028 అక్టోబర్ 20న 'మీ పాత బాకీ సంక్రాంతి పంట రాగానే తప్పకుండా తీరుస్తాను' అని ఉత్తరం రాసి సంతకం చేసి పంపాడనుకో. 2029 మార్చిలో అప్పిచ్చినాయన నీ దగ్గరికి వచ్చాడు. ప్రోనోటు మీద దావా వేస్తావా, ఉత్తరం మీద వేస్తావా, లిమిటేషన్ చట్టం 18, 19 సెక్షన్లలో ఏది పనికొస్తుంది, ఏది రాదు, ఎందుకు? మూడు పేజీలు మించకుండా రాసి ఇక్కడే పెట్టు. నాకు ఆదివారం తీరిక, ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతాను.